త్సిన్

పోర్ట్ రిచ్‌మండ్ అవెన్యూలో మన్సూర్ కూరగాయల కొట్టు.
ధరల చీటీలు రాసేది నేను.
అట్ట ముక్క, నల్ల మార్కరు, పౌను ఇంత.

మార్చి. కాలిబాట అంచున మంచు ఇంకా మురికిగా ఉంది.
బుట్ట దింపుతూ సపోటా అనుకున్నాను, పైకే.
ఎర్మెలిందా చప్పున తలెత్తింది.
త్సపొత్ల్, అంది,
తప్పిపోయిన మేకని పేరు పెట్టి పిలిచినట్టు.

ఆవిడది ప్యూబ్లా కొండల్లో ఊరు. మాట నావాత్ల్.
మా ఇద్దరి మధ్యా కుంటి స్పానిష్.
యాభై ఏళ్లు నా నోట్లో అద్దె కట్టకుండా ఉన్నదెవరో
ఆ పూట తెలిసింది.
టమాటా కూడా మాదే, అంది. ఉబ్బింది అని అర్థం.
మరి చాక్లెట్టు?
దాని గొడవ పెద్దది, వదిలెయ్.

చివరి త్ల్ నాకు పలకదేమో అనుకుంది.
నాలుక పళ్ల వెనక ఆనించి
పక్కల నుంచి గాలి వదలాలట.
మాట్లాడు, అన్నాను.
మళ్లీ అనమంది.
వాళ్లకి మాట్లాడ్డం త్లాతోవా.
చుట్టరికమేం లేదు. బస్సులో
ఒకే రంగు చొక్కా వేసుకొచ్చిన ఇద్దరం, అంతే.

కుక్క వాళ్లకి చిచి.
మేం కుక్కని తోలేది ఆ మాటతోనేనని
చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆగి, చెప్పాను.
కొత్తిమీర కట్ట గుండెకి పట్టుకుని
వంగి వంగి నవ్వింది.

త్సిన్ ఆ తర్వాత వచ్చింది.
మాట చివర తగిలిస్తారు. అమ్మకి, దేవుడికి, సరే.
ఆవిడ నీళ్లకీ తగిలించింది: ఆత్సిన్.
గారు లాంటిదా? అవును, అంది.
బయట మూడు కాళ్ల కుక్క పోతోంది. చిచిత్సిన్, అంది.
దానికీ గారేనా?
కాదు. చిన్నది. ముద్దు. కాలు చూడు దానికి.
నేను వేళ్లు మడిచాను:
గారు, బుజ్జి, పాపం.
మా ఇంట్లో మూడు గిన్నెల్లో ఉన్నది
వాళ్లింట్లో ఒక్క గరిటెలో.

పైగా గారుని మేం పొదుపుగా వాడతాం.
తాసిల్దారుకి ఉంటుంది. ఆఫీసు ఊడ్చే ఆవిడకి ఉండదు.
నన్ను గారూ అన్నది ఒక బ్యాంకు,
అదీ ఉత్తరంలో, బాకీ గురించి.

ఆగస్టులో మనవరాలు ఒక్కతే వచ్చింది. సిత్లాలి.
పేరుకి అర్థం చుక్క. తనకి తెలుసో లేదో.
నానమ్మ ఆస్పత్రిలో ఉంది, అంది ఇంగ్లీషులో, ఫోను చూస్తూనే.
ఇవి కావాలంట. మెత్తనివి.
త్సిన్ అంటే ఏమిటని అడిగాను, తెలిసే.
భుజాలెగరేసింది.
ఏమో. నా పేరు చివర అంటుంది.
నాకు జ్వరమొస్తే ఎక్కువ అంటుంది.

ఆ అర్థం ఆవిడ నాకు చెప్పలేదు.

నాలుగు తూచి, ఐదోది ఊరికే వేశాను.

మర్నాడు చీటీ మార్చాను.
సపోటా, చివర ఒక ముక్క ఎక్కువ.
మన్సూర్ కళ్లజోడు నుదుటికి తోసి
స్పెల్లింగు తప్పు, అన్నాడు.
అవునన్నాను.
పౌను మూడున్నర డాలర్లు.
వారమైంది, దిద్దలేదు.