నిలబడ్డప్పటి గాలి

హ్యాచ్ లోయలో ఆగస్టు మధ్యాహ్నం,
మిరపకాయల ఫ్యాక్టరీ గేటు ముందు నలభై బండ్ల వరస.
డెల్ఫీనా ట్రక్కు పదిహేడోది.
అరవై తొమ్మిదినాటి డాడ్జి, ఒకప్పుడు ఆకుపచ్చ,
ఇప్పుడు ఎండ ఏ రంగంటే ఆ రంగు.
పన్నెండో చోటికి జరిగేసరికి బుస్సుమంది.
వెనకవాళ్లు హారన్లు కొట్టలేదు,
దిగొచ్చి నీళ్ల డబ్బాలిచ్చారు.
అదే ఎక్కువ సిగ్గేసిందట ఆమెకి.

నా షెడ్డుకి లాక్కొచ్చాక బానెట్ ఎత్తి చూపించాను:
ఈ పాత ఫ్యాను ఇంజను మెడకి కట్టిన రెక్కలు.
ఇంజను పరిగెడితే ఇదీ పరిగెడుతుంది,
అప్పుడెలాగూ ఎదురుగాలి ఉంటుంది.
ఇంజను నిలబడి రొప్పుతుంటే
ఇదీ పక్కన నిలబడి తోడుగా రొప్పుతుంది.
"కొంతమంది మనుషుల్లాగే" అంది డెల్ఫీనా,
అన్న వైపు చూడకుండా.

అన్న ఎవారిస్తో బోర్లించిన బకెట్టు మీద కూచుని ఉన్నాడు.
"యాభై ఏళ్లు తిరిగింది కదా?"
"యాభై ఏళ్ల కింద ఈ వరస లేదు."

పాత సామాన్ల దొడ్లో రెండు కరెంటు ఫ్యాన్లు దొరికాయి,
నలభై డాలర్లు, ఒక రెక్క కొస విరిగింది.
మరి కరెంటెక్కడిది?
పాత ఆల్టర్నేటరు మంచిదే, జీతమే తక్కువ:
నలభై ఆంపియర్లు.
రెండు హెడ్‌లైట్లు, ఒక హీటరు, ఒక రేడియో, చిన్న సంసారం.
ఈ ఫ్యాన్లేమో ఆరంభశూరులు,
లేచే క్షణాన అరవై మింగి
తర్వాత ముప్పైకి సర్దుకుంటాయి.
జీతం పెరక్కుండా చుట్టాల్ని పిలిస్తే
బ్యాటరీ ఒంటి మీది నగలమ్మి వండిపెడుతుంది.
నాలుగోనాడు పొద్దున్న తాళం తిప్పితే
టిక్కుమని ఊరుకుంటుంది.

కొత్తదాని పెట్టె మీద నూట ముప్పై అని పెద్దక్షరాలు.
అది పరిగెత్తేవాడి సంగతి.
నేనడిగింది వేరు:
నిలబడి ఉన్నప్పుడు ఎంతిస్తుంది?
కౌంటరు వెనక కుర్రాడు చాలాసేపు కాగితాలు తిరగేశాడు.
ఎవరూ అడగరు కాబోలు.
"డెబ్బై" అన్నాడు చివరికి,
"ఇంకాస్త చిన్న పుల్లీ వేసుకుంటే."

బ్రాకెట్టు కుదర్లేదు, ఆకురాయితో ఒక పూటంతా గీకాను.
అగ్గిపుల్లంత పాత తీగ తీసేసి
చిటికెనవేలంత లావుది వేశాను.
రిలే, ఫ్యూజు, బెల్టు.
ఇంతవరకూ చేతిపని.

అసలు చిక్కు డాష్‌బోర్డులో ఉంది.
ఈ బండిలో బ్యాటరీకి చేరే ప్రతి ఆంపియరూ
అమ్మీటరు గుండానే పోవాలి.
చిల్లర లెక్కపెట్టే గుమస్తా, మెత్తటి చేతులు.
మూటలు విసిరితే ముందు చేతులు కాలతాయి,
ఆనక బండి.
తప్పించాలి, అన్నాను.

ఎవారిస్తో లేచి నిలబడ్డాడు.
ఆ ముల్లుని చూసే ముప్పై ఏళ్లు నడిపానన్నాడు.
రాత్రి దీపాలేస్తే కుంగేదట,
గేరు మారిస్తే తేరుకునేదట,
రేడియో పాడయ్యాక
డెమింగ్ దాకా దానితోనే కబుర్లట.

నేనేం మాట్లాడలేదు.
రెండు తీగలూ విప్పి ఒకే బోల్టుకి బిగించి టేపు చుట్టాను.
ముల్లు నడిమధ్యకొచ్చి ఆగిపోయింది.
అద్దం తుడిచి, దాన్నక్కడే ఉంచి,
కింద చిన్న వోల్టుమీటరు తగిలించాను.
ఎవారిస్తో దానివైపు చూడలేదు.

మళ్లీ మంగళవారం. వరసలో ఇరవైమూడో బండి.
నీళ్లు కాగి గీత దాటగానే రిలే టక్కుమంది,
రెక్కలు గుయ్యిమని లేచాయి,
దీపాలు రెప్పపాటు మసకబారి తేరుకున్నాయి.
ఇంజను నింపాదిగా గుడగుడలాడుతోంది,
గాలి ఒక్కటే పరిగెడుతోంది.
ముందున్న ఫోర్డు ఆవిరి కక్కితే
ఈసారి నీళ్ల డబ్బాతో దిగింది డెల్ఫీనా.

స్టీరింగు దగ్గర ఎవారిస్తో
ఆగిపోయిన ముల్లు మీద, అద్దాన్ని
గోటితో రెండుసార్లు కొట్టి
"బానే ఉన్నాం" అన్నాడు.