ఎడమచేతి వీరుడు

అచ్చు దిమ్మ మీద బొమ్మ తిరగేసి చెక్కాలి.
మా తాత గురువులు ఆ సంగతి మరిచిన పూట
వీరుడి కత్తి ఎడమచేతిలోకి పోయింది.
విజయనగరం, మూడు లాంతర్ల వెనక ప్రెస్సులో
ఐదువందల కాపీలు అప్పటికే దండేల మీద ఆరుతున్నాయి.

యుద్ధం తాత ఎన్నడూ చూళ్ళేదు.
గుర్రం, స్టేషను బయట ఎర్రినాయుడి జట్కాది.
ముందుకాలు కుంటు, అలాగే దించాడు.
కోటగోడకి మా పెరటి దడి కొలత.
కిందపడ్డ శత్రువుకి
అప్పు తీర్చని బావమరిది ముక్కు.

"మరి నెత్తురెలా చెక్కుతావు తాతా?"
"సెక్కను గుంటా. వొదిలేత్తాను.
ఉలి ముట్టని కాడే నల్లగా పడతాది."

మరుసటేడు ఇంకో కథకి అదే దిమ్మ.
ఓనరు కింద పేర్లు మార్పించాడంతే:
పడ్డవాడు వీరుడు, ఎడమచేతివాడు ద్రోహి.
రెండోసారికి తాతకి డబ్బుల్లేవు.

ఇన్నాళ్ళూ అది నా కుట్టుమిషను కాలికింద ఎత్తు.
పనసచెక్క, చెద ముట్టలేదు.
నిన్న తీసి తుడిచి, కాటుక పూసి
కరెంటు బిల్లు వెనక అద్దాను.

కత్తి పడలేదు.
ఎవరు గెలిచారో తెలియలేదు.
గుర్రం పడింది, కుంటికాలితో సహా.
ఆ ముక్కూ పడింది.

జాకెట్టు రేపటికివ్వాలి, మిషను ఊగుతోంది.
మళ్ళీ కిందే పెట్టేశాను,
ఈసారి బొమ్మ పైకి ఉండేట్టు.