తాలు

ఎనిమిదో పీరియడ్‌కి ఎండ కిటికీ దిగొచ్చి
చివరి బెంచీ మీద కూర్చునేది.
దాని పక్కన నాగుల్‌మీరా.
వాడు చొక్కా విదిలిస్తే
ముందు వరస దాకా తుమ్ములు.
తెల్లారుజామున మిర్చి యార్డులో
వాళ్ళ నాన్నతో టిక్కీలు దించి వచ్చేవాడు.

నేను బోర్డు మీద సైన్ తీటా రాస్తుంటే
వాడు అరచేతుల మంటని
బెంచీ ఇనప కాలుకి ఆనించి చల్లార్చుకునేవాడు.
ఒకరోజు లేచి అడిగాడు,
"ఇది దేనికి పనికొస్తుంది సార్?"
వెటకారం లేదు.
కాయ విరిచి, గింజ చూసి,
బేరమాడే వాడి గొంతు.

"జీవితంలో అన్నిటికీ" అన్నాను.
మా మాస్టారు నాతో అన్నమాటే.
ఆయనతో ఎవరన్నారో మరి.
వాడు తలూపి కూర్చున్నాడు.
నమ్మి కాదు,
ఇక్కడ రేటు తెగదని తెలిసి.

స్టాఫ్‌రూంలో టీ తాగుతూ
మేం పిల్లల్ని ఏరేవాళ్ళం.
వీడు ఇంజనీరు, ఆ పిల్ల డాక్టరు,
ఇంకో నలుగురు బ్యాంకు పరీక్షలకి పనికొస్తారు,
మిగతాది తాలు.
గుంటూరు వాళ్ళం కదా,
మాట కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళయింది.
ఏడాది కారానికి కాయ కొందామని
మార్చి ఎండలో యార్డు వైపు వెళ్తే
కమీషన్ కొట్టు లోపలినుంచి "సార్!" అని కేక.
ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి
నలభై మూడు టిక్కీలు, తరుగు, కాటా కూలి, హమాలీ,
రైతు ముందు తీసుకున్న అప్పు, దాని మీద వడ్డీ,
అన్నీ నోటితోనే కలిపి, తీసి,
నేను పెన్ను క్యాప్ తీసేలోపు
రైతు చేతికెంతో చెప్పేశాడు.
ఆ లెక్క నేను నేర్పలేదు.
వాళ్ళ నాన్న వీపు నేర్పింది.

స్టూలు వేయించాడు. టీ తెప్పించాడు.
ఉండబట్టలేక అడిగాను,
పాత బాకీ నేనే గుర్తు చేసినట్టు:
"పనికొచ్చిందట్రా?"
పెద్దగా నవ్వాడు.
"ఒక్కసారి కూడా లేదు సార్."

గ్లాసు కింద పెట్టాక మళ్ళీ అన్నాడు.
"మన స్కూలు ట్యాంకు నీడ కొలిపించారు గుర్తుందా?
ఎక్కకుండానే ఎత్తు తెలుస్తుందన్నారు.
మా నాన్న ఎక్కేవాడు సార్.
పద్నాలుగు వరసల నెట్టు, దాని మీద నిలబడి బస్తా అందుకునేవాడు.
కింద ఆయన నీడ పడేది.
నేను అడుగులేసి కొలిచేవాణ్ణి.
జారితే ఎంత ఎత్తునుంచో
తెలుసుకుందామని."

"తెలిసి ఏం చేశావు?"
"ఏం చేస్తాను సార్. తెలిసింది. అంతే."

జారాడా అని నేనడగలేదు.
వాడు చెప్పలేదు.
ఫ్యాను తిరుగుతోంది, కొట్టంతా ఎర్రటి దుమ్ము.
గుమ్మం పక్కన ఇద్దరాడవాళ్ళు
ముక్కుకి కొంగు కట్టుకుని కాయ గ్రేడు చేస్తున్నారు.
తెల్లగా పాలిపోయినవి ఒక పక్కకి.
"అవి పారేస్తారా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
"తాలుకీ పాటుంటుంది సార్, కొనేవాళ్ళుంటారు.
రంగే లేనిది. నాలిక మీదేసుకు చూడండి."
మా స్టాఫ్‌రూం మాట వాడికి తెలీదు.
తెలిసే అన్నాడేమో కూడా.
కాయకి డబ్బులు పుచ్చుకోలేదు.

సోమవారం, అదే ఎనిమిదో పీరియడు.
నోట్‌బుక్ వెనక పేజీలో
జాకెట్ల మెడలు గీసుకుంటున్న బ్లెస్సీ
తలెత్తకుండానే అడిగింది,
"ఇదంతా దేనికి సార్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ.
మింగాను. ఘాటుగా ఉంది.
నిజం మాత్రం ఏం తెలుసు నాకు?
ఆ పిల్ల గీసిన మెడ వంపు
నేను బోర్డు మీద గీసిన దానికన్నా నున్నగా ఉంది.
"నీడ ఉండగానే రండి" అని
అందర్నీ బయటికి తోలుకెళ్ళాను.

ట్యాంకు నీడ అప్పటికే పొడుగు సాగి
కాంపౌండు గోడెక్కి, అవతలికి దిగి,
రోడ్డు మీద ఆటోల కింద నలుగుతోంది.
బ్లెస్సీ ఒక కొస పట్టుకుని
గోడ దాకా నడిచి వెనక్కి తిరిగింది.

"సార్, టేపు చాల్లేదు."