అన్నా, ఉన్నారా

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
సరే.
వంటింటి గుమ్మంలో నిలబడి
"అమ్మా, ఒకటడగొచ్చా?" అని ఊరుకుంటే
ఆవిడ మాత్రం గరిటెతో ఏం వడ్డిస్తుంది?

ఆటోనగర్‌లో షట్టరు దించాక
వేళ్ల సందుల్లో గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని
ఫోను తెరుస్తాను.
లారీ కరెంటు పనివాళ్ల చాట్ రూము.
ఏలూరు నుంచి, పిడుగురాళ్ల నుంచి,
ఎక్కడో నాగపూర్ దాబా ముందు ఆగిపోయిన క్యాబిన్లోంచి
మూడొందల పన్నెండు మందిమి.
ముఖాలు తెలీవు.
బండ్ల జబ్బులు తెలుసు.

"అన్నా, ఉన్నారా?"
ఉన్నాం నాయనా. ఆ పచ్చచుక్క మాదేగా.
"ఒక డౌటు."
అడుగు.
"బండి పని చేయట్లేదు."
ఏ బండి? ఏ పని?
పొద్దున్నుంచా, వాన పడ్డాకా?
జవాబుగా మూడు ప్రశ్నార్థకాలు,
కొక్కేలకు వేలాడే ఖాళీ సంచుల్లా.

నాకు పని నేర్పిన బుడే సాహెబ్ మేస్త్రి
ఫోను పట్టి ఎరగడు.
బందరు నుంచి వచ్చిన డ్రైవరు
"స్టార్టవట్లేదు మేస్త్రీ" అంటే
బీడీ పక్కన పెట్టి అనేవాడు:
"అది బండి చెప్పిన మాట. నువ్వేం చూశావో చెప్పు."
తాళం తిప్పితే టక్కుమందా, మూలిగిందా, అసలు ఉలుకూ పలుకూ లేదా?
లైట్లు వాడిపోయాయా?
నిన్న ఎవరైనా చెయ్యి పెట్టారా?
ఆ చివరిదానికి అందరూ నేల చూపులే.
పెట్టే ఉంటారు. సొంత బావమరిదే పెట్టి ఉంటాడు.
అదొక్కటీ దాచి
మిగతా రోగమంతా చెప్పేవారు.

ఒక్కోసారి చెబుతూ చెబుతూనే
డ్రైవరు నాలిక కరుచుకుని
బ్యాటరీ పెట్టె వైపు నడిచేవాడు.
మేస్త్రి మళ్లీ బీడీ అందుకునేవాడు.

ఇప్పుడవే మాటలు నేను బొటనవేలితో కొడుతున్నాను.
వైరింగు ఫొటో పెట్టు, బండి ముందు నీ ఫొటో కాదు.
ఒకే ప్రశ్న మూడు రూముల్లో వెయ్యకు,
ముగ్గురి నిద్ర పోతుంది.
అర్జెంటు అనకు.
ఇక్కడెవరికీ జీతం లేదు,
సీతారాంపురం ఆనందబాబు
కూతుర్ని భుజాన జోకొడుతూ నీకు జవాబు రాస్తున్నాడు.
బాగయ్యాక వచ్చి చెప్పు, ఎలా బాగయిందో.
ఇదొక్కటీ ఎవరూ చెయ్యరు.
"అయిపోయిందన్నా" అని
విస్తరి తియ్యకుండా లేచిపోతారు.
రేపు అదే గోతిలో పడేవాడు
మళ్లీ చీకట్లోనే తడుముకోవాలి.

రోహిణి కార్తె. రాత్రి ఒకటిన్నర.
డాబా మీద పడుకున్నాను, కాలువ గాలి కూడా కాలుతోంది.
"అన్నా, ఎవరైనా ఉన్నారా?"
యేసుపాదం. కొత్తగా చేరినవాడు.
నేనే రాశాను, నిద్రమత్తులో, మర్యాదగానే:
"ఉన్నారా అని అడక్కండి. సూటిగా ప్రశ్న వెయ్యండి."
అటు మూడు చుక్కలు కదిలాయి.
ఆగాయి.
మళ్లీ కదిలాయి.
ఇక ఏమీ రాలేదు.

పొద్దున పైకి జరిపి చూశాను.
చేరిన రోజు తన గురించి రాసుకున్నాడు:
పద్నాలుగు టైర్ల బండి. క్లీనరు లేడు.
ఒక్కణ్ణే తిరుగుతాను.

నాలుగు నెలలైంది.
రూలు తప్పు కాదు.
మేస్త్రి అయినా అదే అనేవాడు.
అనేవాడేనా?
ఒకసారి జోరువానలో ఒక డ్రైవరు
బండికి ఏ రోగమూ లేకుండానే షాపు ముందు ఆపి
"మేస్త్రీ, ఉన్నావా" అన్నాడు.
మేస్త్రి ఏం చూశావని అడగలేదు.
ఇంకో స్టూలు లాగాడు.

కొత్తవాళ్ల కోసం నేను రాసిపెట్టిన పది సూత్రాల్లో
మొదటిది కొట్టేశాను.
అంకెలు మార్చలేదు,
వరస రెండు నుంచి మొదలవుతుంది.
ఆనందబాబు అడిగాడు ఒకటేదని.
చెప్పలేదు.
రాత్రి ఎవరైనా ఉన్నారా అంటే
ముందు ఉన్నాను అంటాను.
కాసేపాగి అప్పుడడుగుతాను,
తాళం తిప్పితే టక్కుమందా, మూలిగిందా అని.