తూకం పాక

అంబువుంబె దాటాక, సంతకెళ్ళే దారిలో
నాలుగు రేకుల కప్పు, ఒక వేలాడే కాటా.
నా ఉద్యోగం అదే.
బిళ్ళగన్నేరు ఆకు (ఇక్కడ వునెనిన అంటాం)
ఎండబెట్టి, గోనెల్లో కుక్కి తెస్తారు.
తూస్తాను, రాస్తాను, డబ్బిస్తాను.
మేకలు సైతం మూతి తిప్పుకునే ఆకుకి
ఓడరేవు దాకా గిరాకీ.

అందరూ కాటా ముల్లుని చూస్తారు.
త్సివేరి ఒక్కతే నా వేళ్ళని చూస్తుంది.
నోట్లు లెక్కపెడుతుంటే జారిపోతాయి.
పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోవడం
నాకో పెద్ద పని.

పన్నెండో ఏట నా నెత్తురు దారి తప్పింది.
వాన వెలిశాక పుట్టలోంచి ఉసుళ్ళలా
ఒకటే తెల్లకణాలు.
రాజధానిలో ఎనిమిది నెలలు.
వారం వారం సూదిలోంచి నీళ్ళలాంటి మందు.
నర్సు రివుసుఆ చెప్పింది:
"కణం రెండవ్వాలంటే ముందు
లోపల కదురు నిలిపి నూలు లాగాలి.
ఇది ఆ నూలుని పేననివ్వదు.
చీలలేక చస్తుంది కణం."
నరాలకీ అదే నూలట.
జుట్టు తిరిగొచ్చింది.
వేలికొసలు రాలేదు.

ఆవిడే ఇంకోటి చెప్పింది, అది నన్ను వదల్లేదు:
మందు ఆకులో ఉన్నట్టే ఉండదు.
దానికి కావలసిన సగం, కాథరాంథిన్,
ఆకు పైన మైనంలో.
తక్కిన సగం, విన్‌డొలిన్, లోపలి అరల్లో.
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళు.
ఎక్కడో పురుగు కొరికి
గోడ కూలినచోట
కాసింత ఎదురుపడతారు.
ఆ కాసింతకోసం ఇన్ని గోనెలు.
నా ఒంట్లోకెక్కిన చుక్కల వెనక
ఎన్ని నడుములు వంగాయో
ఏ కాటాకీ తెలీదు.

ఈ ఏడు వాన లేదు.
ముళ్ళకలబంద కాల్చి పశువులకి పెడుతున్నారు.
త్సివేరి గోనె మూతి విప్పి
నాలుగాకులు తీసి దవడన పెట్టుకుంది.
ఆకలి చస్తుందట. వాళ్ళమ్మా ఇంతేనట.
"విషం" అన్నాను.
"మరి నీకు?" అంది.

నా అరచేతిలో ఒకటి పెట్టింది.
ఉన్నట్టే తెలీలేదు, చూస్తే ఉంది.
కొస కొరికాను.
చేదు. గొంతు దాకా చేదు.
నాలిక్కి ఇంకా అన్నీ తెలుస్తున్నాయి.

గోనె ఇరవై ఒకటి తూగింది.
పెన్సిలు రెండుసార్లు జారింది.
ఇరవై నాలుగని రాశాను.