మంగళవారం ఆగిపోయినవి

మూడు దీవులు, నాలుగు బళ్లు, ఒక వ్యాను.
పొద్దున ఏడింటి పడవ దిగి
షెట్లాండ్ గాలికి ఒక చేత్తో తలుపు పట్టుకుని
సర్వర్ గదిలోకి దూరతాను.

నా పని చెప్పుకోడానికి చిన్నది.
పిల్లలు ఏం చూడకూడదో చూసుకోవడం.
అంటే,
వాళ్లకు బదులు నేను చూడడం.

నిన్నటి చిట్టా తెరిచాను.
రెండువందల పన్నెండు సార్లు తలుపు మూసింది వడపోత.
జూదం ఎనభై ఒకటి.
గుర్రాలు కూడా కావు, బాతుల పందెం,
రంగురంగుల బొమ్మ బాతులు, నిజం డబ్బులు.
ఇంకో వీడియో ఉంది. దాని గురించి రాయను.
నొక్కిన వేలికి ఏడేళ్లు.
ఆ ఒక్కదానికి మాత్రం జల్లెడకు దణ్ణం పెట్టాను.

తర్వాత నలభైమూడు సార్లు ఒకే మాట:
నీటికాకి.
మిసెస్ ఇస్బిస్టర్ క్లాసు పక్షుల్ని లెక్కపెడుతోంది.
నల్లటిది, పచ్చకళ్లది,
రాతి మీద రెక్కలు ఆరేసుకుని నిలబడేది,
కిటికీలోంచి చూస్తే చాలు, అక్కడే ఉంటుంది.
దాని ఇంగ్లిషు పేరు పాపం
ఎక్కడో పెద్ద ఊళ్లో ఎవరి నోట్లోనో బూతు.
ఎర్తీ ఒక్కడే గడి దాటాడు.
వాళ్ల తాత వాడే పాత మాట కొట్టాడు: స్కార్ఫ్.
వడపోతకు ఆ మాట రాదు.
మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డలు
నాలుగువేలు వచ్చాయి వాడికి.

మా నానమ్మ బార్లీపిండి జల్లించేది.
జల్లెడకు తెలిసింది కన్నాల కొలతే, అనేది.
పురుగునీ ఆపుతుంది,
కాస్త లావెక్కిన మంచి గింజనీ ఆపుతుంది.
అందుకే మిగిలినదాన్ని పారబోసేది కాదు,
వెలుతురుకు పట్టి వేలితో కెలికేది.

నేనూ కెలుకుతూ వచ్చాను, టీ చల్లారింది.
చిట్టా అడుగున, ఒంటిగంటా పన్నెండు,
లైబ్రరీ, తొమ్మిదో నంబరు మిషను:
చల్లటి నీళ్లలో మనిషి ఎంతసేపు బతుకుతాడు.
విభాగం: స్వీయహాని. ఆపబడింది.
ఒకటీ పదమూడు: ఎనిమిది డిగ్రీల నీళ్లలో ఎంతసేపు.
ఆపబడింది.
ఒకటీ పద్నాలుగు:
లైఫ్ జాకెట్ ఉంటే ఎంతసేపు.

గుండె గొంతులోకి వచ్చి
ఆ మూడో వరుస దగ్గర ఆగింది.
చావాలనుకునేవాళ్లు లైఫ్ జాకెట్ గురించి అడగరు.

హెడ్మాస్టరుకి ఫోను చేశాను.
ఓస్లా అయ్యుంటుంది, అన్నాడాయన మెల్లగా.
సాల్మన్ వలల దగ్గర వాళ్ల నాన్న పడవ
నిన్న పొద్దున బోల్తా పడింది.
మధ్యాహ్నం మూడింటికి దొరికాడు,
వణుకుతూ, ఒక బూటు లేకుండా,
ఏ వడపోతా ఆపలేనన్ని బూతులు తిడుతూ.

నవ్వాను. తర్వాత లెక్కేశాను.
ఒకటీ పద్నాలుగు నుంచి మూడింటి దాకా
ఆ పిల్ల ముందున్నది ఒక తాళం బొమ్మ,
కింద ఒక వాక్యం:
సందేహాలుంటే మీ నిర్వాహకుని సంప్రదించండి.

నిర్వాహకుడంటే నేనే.
ఆ టైముకి పడవలో ఉన్నాను,
బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

నీటికాకిని వదిలేశాను. ఒక టిక్కు, అంతే, ఎగిరిపోయింది.
ఓస్లా ప్రశ్నకు మాత్రం టిక్కు పెట్టబోయి ఆగాను.
అదే ప్రశ్న, అదే మిషను,
ఇంకో మంగళవారం ఇంకో పిల్ల
జాకెట్ మాట లేకుండా అడిగితే?
ఆ గడి మీద బాణం అలా ఊగుతూనే ఉంది,
బయట పడవ కూత వేసేదాకా.

చివరికి తాళం కింద వాక్యం చెరిపేశాను.
నా పేరు రాశాను, ఫోను నంబరు రాశాను.
పై ఆఫీసు ఒప్పుకోదు, తెలుసు.
తెలిసేదాకా ఉంటుంది.

మొదటి ఫోను గురువారం వచ్చింది.
ఎర్తీ. బాతుల పందెం తెరవమని.
కుదరదన్నాను.
వాడు పెట్టేయలేదు.
నీటికాకి కళ్లు అంత పచ్చగా ఎందుకుంటాయి, అన్నాడు.
తెలీదన్నాను.
చూసి చెప్పండి మరి,
మీకు అన్నీ తెరుచుకుంటాయిగా.