రాయి పక్క ఖాళీ

పొట్టంగి పోస్టాఫీసు వెనక ఎర్రమట్టి గట్టు మీద
మొదటి పాఠం, ఆగడం.
తొక్కడం ఎవరికైనా వస్తుందన్నాడు ఘెను ముదులి.
ముప్పై ఏళ్ళు ఉత్తరాలు మోసినవాడు,
గేర్లు లేని నల్ల సైకిలు, చెప్పుల్లేని కాళ్ళు.
నా సైకిలుకి ఇరవై నాలుగు గేర్లు.
సాలూరులో కొన్న బిల్లు ఇంకా పర్సులోనే ఉంది,
ఖరీదు అడిగితే సగమే చెప్పాను.

"బ్రేకుకి ఒక్క వేలు చాలు, నానీ.
గొడ్డు మెడ మీద చెయ్యేసినట్టు.
గట్టిగా పిసికావా, దించేస్తుంది."

దించేసింది. మూడుసార్లు.
మోచేతి మీద మచ్చ
కోరాపుట్ జిల్లా పటంలా ఎండింది.

పగలు నా పని వేరు.
ఆస్పత్రి కిటికీ పక్కన అద్దం పలక మీద నెత్తుటి చుక్క పరిచి
మలేరియా పురుగుని వెతుకుతాను.
పదహారేళ్ళుగా ఈ కళ్ళకి నేర్పింది ఒక్కటే:
తప్పు ఎక్కడుందో అక్కడ ఆగు.
సాయంత్రం ఐదున్నరకి బయటికొస్తే
దేవమాలి కొండ నీలంగా కదులుతుంది,
దూరాన్ని మరిచిన కళ్ళు నీళ్ళు పెట్టుకుంటాయి.

అందుకే రాయి కనిపిస్తే రాయినే చూసేదాన్ని.
చక్రం నా చూపు మాట వినేది.
నేరుగా పోయి దాన్నే ముద్దెట్టుకునేది.
"రాయికి నువ్వక్కర్లేదు" అన్నాడు ఘెను.
"రాయి పక్క ఖాళీ ఉందే, దాన్ని చూడు."

ఖాళీని చూడడం!
నాకు రెండు వానాకాలాలు పట్టింది.

కార్తీకంలో, వలిసె పూలు కొండకి పసుపు పూసినప్పుడు,
కాఫీ తోటల కింద ఒక సన్నని గీత కనిపించింది.
ఏ పటంలోనూ లేదు. నాది అనుకున్నాను.
పెడళ్ళ మీద లేచి, నడుము వెనక్కి తోసి
మోకాళ్ళు మెత్తగా వదిలి దిగాను.
సిల్వర్ ఓక్ ఆకులు చక్రాల కింద అప్పడాల్లా పగిలాయి.
జేబులో ఫోను మోగింది, ఆంధ్రకి స్వాగతం అని.
వంక తిరిగేసరికి మళ్ళీ మోగింది, ఒడిశాకి స్వాగతం.
రెండు ప్రభుత్వాలూ చెరో బోర్డు పాతాయి ఇక్కడ.
ముందున్న దిగుడు ఎంత నిటారో
ఏ బోర్డూ చెప్పలేదు.

మెట్టులా విరిగిన బండ. గులకరాళ్ళ జారుడు. మెలిక.
గుండె గొంతులోకొచ్చి కూర్చుంది.
అబ్బ, ఎంత బాగుందో!
కేక పెట్టాను, కొండ తిరిగి పెట్టింది.

దారి తీసుకెళ్ళి ఒక వాకిట్లో నిలబెట్టింది నన్ను.
చోళ్ళు ఆరబోస్తున్న ముసలామె తలెత్తి చూసింది.
"వేలు పొడిచే పిల్లవి కదూ?"
సొరకాయ బుర్రలోంచి అంబలి పోసింది.
ఆ మెట్టు బండ మీదుగానే వచ్చావా అనడిగింది.
అవునన్నాను, గర్వంగానే.
ఆమె చోళ్ళు నెరుపుతూ, పెద్ద విషయం కానట్టు చెప్పింది:
కోడల్ని డోలీలో మోసుకెళ్ళింది ఆ ఎత్తు మీదుగానే.
ముందున్నవాడి కాలు జారింది ఆ గులకరాళ్ళ మీదే.
పిల్ల బతికింది.
తల్లి గురించి నేనడగలేదు.
అంబలి చల్లగా, పుల్లగా దిగింది.

తిరుగు దారి ఎక్కుడు. సైకిలు భుజాన వేసుకున్నాను.
అంత బరువు కాదది.

ఇప్పుడు ఆదివారాలు మేమిద్దరం గునపం పట్టుకుపోతాం.
జారే రాళ్ళేరి అంచుకి పేరుస్తాం,
నీళ్ళు పక్కకి పోయేలా చిన్న కాలువ తీస్తాం.
మెలికల దగ్గర ఘెను తన కావడి బద్ద అడ్డంగా పెట్టి చూస్తాడు,
డోలీ తిరగాలిగా.
ఆ కొలత తీరాకే నా చక్రం కొలత.
మెట్టు బండని మూడు వారాలు కొట్టి
పక్కనే కాళ్ళకి వాలుగా ఒక బాట తెచ్చాం.
మిగిలిన సగాన్నీ పెకలించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ సగం ఉండనీ, నానీ.
లేపోతే దేని పక్క చూస్తావు?"